సంతకం పెట్టని ప్రమాదం

పాతకాలపు విమానం ఒకటి కూలిందన్న వార్త రాగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట ‘ఎనభై ఏళ్ల బండి, ఎక్కినవాళ్లకి తెలియదా’ అన్నది. ఆ మాటలో సానుభూతి తక్కువ, తీర్పు ఎక్కువ. తప్పంతా వయసుదే అయితే దావా ఎవరి మీద వేస్తాం? కానీ గత పదిహేనేళ్లలో అమెరికా, బ్రిటన్, స్విట్జర్లాండ్‌లలో జరిగిన పెద్ద ప్రమాదాల దర్యాప్తు నివేదికలు పక్కపక్కన పెట్టుకు చదివితే వేరే సంగతి బయటపడుతుంది. నేనిక్కడ ప్రస్తావించబోయే ప్రమాదాల్లో ఒక్కదానిలోనూ విమానం కేవలం ముసలిదై కూలలేదు. వదులైన స్క్రూ, సరిగా చూడని ఇంజను, లోయలో దారితప్పిన ధీమా, ముందుగా వేసుకోని పథకం, ఇవీ కూల్చినవి. వీటికి వయసుతో చుట్టరికం ఉంది గానీ వీటి వెనక మనుషుల చేతులున్నాయి. దావా వేయాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు ఈ తేడా మీదే నిలబడింది. ఎక్కినవాడు తెలిసి ఒప్పుకున్న ప్రమాదం ఒకటి. అతనికెవరూ చెప్పనిది, కాస్త శ్రద్ధ పెడితే తప్పిపోయేది ఇంకొకటి. మొదటిదాని కోసం కోర్టు మెట్లెక్కడం దండగ. రెండోది ఉందో లేదో తేలేదాకా ఆ హక్కును వదులుకోవడం తొందరపాటు.

2019 అక్టోబరు 2న కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రాడ్లీ విమానాశ్రయంలో కూలిన ‘నైన్-ఓ-నైన్’ను తీసుకుందాం. అది రెండో ప్రపంచయుద్ధం నాటి నాలుగింజన్ల బీ-17 బాంబరు. కాలింగ్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని ఊరూరా తిప్పుతూ, 450 డాలర్లు కట్టినవాళ్లని ఎక్కించుకుని గాల్లో ఓ చుట్టు తిప్పి దింపేది. ఆ ఉదయం అందులో 13 మంది ఉన్నారు. లేచిన కాసేపటికే కుడివైపు ఇంజన్ల బలం తగ్గింది. పైలట్ నాలుగో ఇంజన్ ఆపేసి వెనక్కి మళ్లాడు, వేగం పడిపోయింది, విమానం రన్‌వే అందుకోకముందే నేలను తాకి పక్కకు దూసుకుపోయింది. ఏడుగురు చనిపోయారు. ఎన్‌టీఎస్‌బీ, అంటే అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, 2021 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. ఇంజన్ ఆపాక విమానాన్ని, దాని వేగాన్ని పైలట్ సరిగా నడుపుకోలేకపోవడమే కారణమంది. అక్కడితో ఆగలేదు. పర్యటనలో ఉండగా చేయాల్సిన మరమ్మతులు అరకొరగా జరగడం వల్లే మూడు, నాలుగు ఇంజన్లు మొరాయించాయనీ, సంస్థ పెట్టుకున్న భద్రతా వ్యవస్థ పనిచేయలేదనీ, దాన్ని పర్యవేక్షించాల్సిన ఎఫ్ఏఏ, అంటే అమెరికా ప్రభుత్వ విమానయాన విభాగం, ఆ పని చేయలేదనీ రాసింది. మరమ్మతులకు బాధ్యుడు ఎవరు? ఆ పైలటే. నడిపే చెయ్యీ బాగుచేసే చెయ్యీ ఒకటే అయినచోట తప్పు పట్టే కన్ను లేకుండా పోతుంది. 450 డాలర్లు కట్టినవాడికి అది 1945 నాటి విమానమని తెలుసు. దాని స్పార్క్ ప్లగ్గులు అరిగిపోయి ఉన్నాయని తెలియదు.

ఇక్కడే ప్రతివాదుల తొలి ఆయుధం బయటికొస్తుంది. ఎక్కేముందు ప్రయాణికుడు సంతకం చేసిన కాగితం. ‘ప్రమాదం నాకు తెలుసు, ఏం జరిగినా మీమీద దావా వేయను’ అని అందులో రాసి ఉంటుంది. ఆ కాగితం చూసుకుని చాలా కుటుంబాలు అక్కడే నీరుగారిపోతాయి. కానీ దాని బలం ఏ నేల మీద సంతకం పెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 1977 నాటి చట్టమూ, దాని తర్వాత వచ్చిన 2015 వినియోగదారుల హక్కుల చట్టమూ, వ్యాపారం చేసేవాడు తన నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికో గాయానికో బాధ్యత తప్పించుకునే షరతును చెల్లనివ్వవు. అక్కడ రెండో ప్రపంచయుద్ధపు యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌లో ఎక్కేవాళ్ల చేత పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం ఓ ఒప్పుకోలు తీసుకుంటారు. ఈ విమానం మామూలు ప్రయాణికుల విమానమంత భద్రం కాదని తెలుసుకున్నాననే ఆ ఒప్పుకోలు తెలివిడికి సాక్ష్యమే తప్ప నిర్లక్ష్యానికి క్షమాపత్రం కాదు. అమెరికాలో రాష్ట్రానికో తీరు. నైన్-ఓ-నైన్ కూలిన కనెక్టికట్‌లోనే 2005లో ‘హ్యాంక్స్ వర్సెస్ పౌడర్ రిడ్జ్’ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, మంచు మీద ట్యూబుల్లో జారే ఆటస్థలం వాళ్లు రాయించుకున్న ఇలాంటి కాగితం ప్రజాహితానికి విరుద్ధమని కొట్టేసింది. మరికొన్ని రాష్ట్రాలు మామూలు నిర్లక్ష్యాన్ని మాఫీ చేసుకోనిస్తాయి, ఘోర నిర్లక్ష్యం దగ్గర గీత గీస్తాయి. ‘తెలిసే ఎక్కాడు’ అన్న వాదన పూర్తిగా గెలవాలంటే పరిస్థితి ఎంత దూరం పోవాలో 1990లో ఇంగ్లండు అప్పీలు కోర్టు తేల్చిన ‘మోరిస్ వర్సెస్ మరే’ చెబుతుంది. అందులో పైలట్ పదిహేడు విస్కీలకు సమానమైన మందు తాగి ఉన్నాడు, పక్కన కూర్చున్నవాడు అతనితో కలిసి తాగి, చూసి, ఎక్కాడు. అతని దావా వీగిపోయింది. టిక్కెట్టు కొన్నవాడి తెలివిడికీ ఆ తెలివిడికీ పోలికే లేదు.

అయితే నిర్లక్ష్యం కనిపించినంత మాత్రాన దావా నిలబడదు. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లోని పిజ్ సెగ్నాస్ కొండ దగ్గర జూ-ఎయిర్ సంస్థకు చెందిన యుంకర్స్ జూ-52 కూలి, లోపలున్న 20 మందీ చనిపోయారు. అది 1939లో తయారైన విమానం. దర్యాప్తువాళ్లు శిథిలాలు విప్పి చూస్తే తుప్పు, పగుళ్లు, మరమ్మతుల్లో లోపాలు బయటపడ్డాయి. పత్రికలు వాటినే పట్టుకున్నాయి, పట్టుకోక ఏం చేస్తాయి? కానీ 2021 జనవరిలో వచ్చిన తుది నివేదిక ఆ లోపాలు ప్రమాదానికి కారణం కాదంది. అసలు కారణం పైలట్ల ధోరణి: వెనక్కి తిరిగే చోటు లేకుండా లోయలోకి తక్కువ ఎత్తులో పోవడం, ఆ గాలికి ఉండాల్సిన వేగం లేకపోవడం. ఆ సంస్థ పైలట్లు అంతకుముందు కూడా పదేపదే నియమాలు మీరారని, పర్యవేక్షించే ప్రభుత్వ విభాగం పట్టించుకోలేదనీ అదే నివేదిక రాసింది. నిప్పులేనిదే పొగ రాదంటాం. ఇక్కడ పొగ ఓ మూల, నిప్పు ఇంకో మూల. బ్రాడ్లీలో మరమ్మతుల లోపం ప్రమాదానికి దారితీసింది, సెగ్నాస్‌లో దారితీయలేదు. రెండుచోట్లా లోపం ఉంది. కోర్టు అడిగేది లోపం ఉందా అని కాదు, ఆ లోపం వల్లే మనిషి పోయాడా అని. ఫొటోలో తుప్పు చూసి మరమ్మతుల షాపు మీద దావా వేసిన కుటుంబం రెండేళ్ల తర్వాత నివేదిక చదివి తల పట్టుకోవలసి వస్తుంది. తప్పు చేసిన సంస్థ అదే అయినా, తప్పు ఏది అన్నదాన్ని బట్టి బాధ్యుడూ సాక్ష్యమూ బీమా షరతూ మారిపోతాయి.

తయారీదారు సంగతి త్వరగా తేల్చేయొచ్చు, ఎందుకంటే చట్టమే తేల్చేసింది. 1970ల చివర అమెరికాలో చిన్న విమానాల తయారీ ఏడాదికి 17 వేలు దాటి, 1990ల తొలినాళ్లకు వెయ్యి లోపుకు పడిపోయింది. దావాల భారమే దీనికి కారణమని కంపెనీలు మొరపెట్టుకున్నాయి. సెస్నా 1986లో పిస్టన్ విమానాలు కట్టడమే మానేసింది. 1994లో వచ్చిన సాధారణ విమానయాన పునరుద్ధరణ చట్టం ఇరవైలోపు సీట్లున్న, షెడ్యూలు సర్వీసులో లేని విమానాలకు 18 ఏళ్ల గడువు పెట్టింది. అది దాటాక తయారీదారు మీద దావా లేదు. కొత్తగా వేసిన భాగానికి మాత్రం లెక్క మళ్లీ మొదలవుతుంది. కింద నేలమీద ఉన్నవాడికీ, వైద్యసాయం కోసం తీసుకెళ్తున్న రోగికీ ఈ గడువు అడ్డురాదు. పాతకాలపు విమానం విషయంలో అసలు తయారీదారు ఎవరన్నదే చిక్కు. నైన్-ఓ-నైన్ నమూనా బోయింగ్‌ది, కట్టింది డగ్లస్. 1987లో ఒకసారి కూలితే మళ్లీ కట్టారు. ఎవరి చేతిపని ఎంత మిగిలిందో చెప్పడమే కష్టం. 2015 మార్చిలో నటుడు హారిసన్ ఫోర్డ్ నడుపుతున్న 1940ల నాటి రయాన్ పీటీ-22 లాస్ ఏంజెలస్‌లోని గోల్ఫ్ మైదానంలో దిగబడింది. కార్బురేటర్‌లోని ప్రధాన జెట్ మర వీడి ఊడొచ్చింది. ఆ కార్బురేటర్‌ని బాగుచేసి దాదాపు పదిహేడేళ్లయింది. దాన్ని మధ్యలో విప్పి చూడమని ఏ సూచనల పుస్తకంలోనూ లేదు. సూచనలు చాలకపోవడాన్ని కూడా ఎన్‌టీఎస్‌బీ కారణాల్లో చేర్చింది. ఇప్పుడు ఎవరిని నిలదీయాలి? పదిహేడేళ్ల కిందట స్పానర్ పట్టినవాణ్ణా, రాయని పుస్తకాన్నా? చాలాసార్లు నిజాయితీగా రావలసిన జవాబు ‘ఎవర్నీ కాదు’ అనే. భుజాల బెల్టు సరిగా అమర్చకపోవడం వల్ల గాయాలు పెరిగాయన్న విషయం మాత్రం వేరు. దాన్ని అమర్చిన చెయ్యి ఎవరిదో వెతకొచ్చు.

కాబట్టి మిగిలేవాళ్లు పైలటు, అతను చనిపోతే అతని ఆస్తి, నడిపిన సంస్థ, మరమ్మతు చేసిన షాపు, ప్రదర్శన ఏర్పాటు చేసినవాళ్లు. ప్రభుత్వాన్ని కూడా ఈ వరసలో కలపాలని కుటుంబాలకు అనిపిస్తుంది, ఎందుకంటే ఎన్‌టీఎస్‌బీయే ఎఫ్ఏఏని తప్పుపట్టింది. కానీ 1984లో వారిగ్ ఎయిర్‌లైన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఏది ఎంత తనిఖీ చేయాలో నిర్ణయించుకోవడం ప్రభుత్వ విచక్షణ అనీ దానికి పరిహారం అడగలేరనీ చెప్పేసింది. నివేదికలో తప్పుపట్టబడటం ఒకటి, కోర్టులో చెల్లించాల్సి రావడం ఇంకొకటి. ఈ తలుపు దగ్గర నిలబడి చాలామంది వకీళ్లు కాలం వృథా చేశారు.

లోపల కూర్చున్నవాడికీ కింద నిలబడ్డవాడికీ చట్టం ఒకే కొలత వాడదు, వాడకూడదు కూడా. 2015 ఆగస్టు 22న ఇంగ్లండులోని షోరమ్‌లో వైమానిక ప్రదర్శన జరుగుతుండగా 1950ల నాటి హాకర్ హంటర్ జెట్ లూప్ కొట్టబోయి, పైన చాలినంత ఎత్తు అందుకోలేక, ఏ27 రోడ్డు మీద పడింది. 11 మంది చనిపోయారు. వాళ్లు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కొందరైతే తమ దారిన తాము పోతున్నవాళ్లు. బ్రిటన్‌లో 1982 పౌర విమానయాన చట్టంలోని 76వ సెక్షన్ ఇలాంటివాళ్ల కోసమే ఉంది: గాల్లో ఉన్న విమానం వల్ల నేల మీద నష్టం జరిగితే నిర్లక్ష్యం రుజువు చేయనక్కర్లేదు, యజమాని చెల్లించాల్సిందే. ప్రదర్శన టిక్కెట్టు కొని కూర్చున్నవాళ్ల స్థితి మధ్యస్థం. 2011 సెప్టెంబరు 16న అమెరికాలోని రీనో విమాన పందేలలో ‘గాలపింగ్ గోస్ట్’ అనే పీ-51 మస్టాంగ్ ప్రేక్షకుల ముందు కుప్పకూలి, పైలటుతో కలిపి 11 మంది పోయారు, 60 మందికి పైగా గాయపడ్డారు. తోకరెక్కకు ఉండే చిన్న కదిలే పలకను, అంటే ట్రిమ్ ట్యాబ్‌ను, బిగించే స్క్రూలు వదులయ్యాయి. లాక్‌నట్‌ల లోపలి పట్టు అరిగిపోయి ఉంది. వేగం కోసం విమానానికి చేసిన మార్పుల్లో కొన్నింటికి కాగితాలూ పరీక్షలూ లేవు. పందేల సంఘమూ బీమా సంస్థలూ కలిసి 7.7 కోట్ల డాలర్ల నిధి పెట్టి, దాని పంపకాన్ని 2001 సెప్టెంబరు 11 బాధితుల నిధిని నడిపిన కెన్నెత్ ఫైన్‌బర్గ్ చేతికి ఇచ్చాయి. ఆ డబ్బు తీసుకున్నవాళ్లు దావా హక్కు వదులుకోవాలి. దీన్ని కొందరు నోరు మూయించే పద్ధతి అన్నారు. నాకు అలా అనిపించదు. కారణం స్పష్టంగా ఉండి, బాధితులు చాలామందయి, బీమాకి ఒక హద్దు ఉన్నప్పుడు, ముందు కోర్టుకెక్కినవాడు సింహభాగం పట్టుకెళ్లి చివరివాడికి ఖాళీ సంచి మిగలడం కన్నా ఇదే న్యాయం.

షోరమ్ ఇంకో పాఠం చెబుతుంది. పైలట్ బతికాడు. 2019 మార్చిలో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ క్రిమినల్ కోర్టు జ్యూరీ అతన్ని నరహత్య ఆరోపణల నుంచి విడుదల చేసింది. 2022 డిసెంబరులో కరోనర్, అంటే అసహజ మరణాలను విచారించే అధికారి, ఆ మరణాలు చట్టవిరుద్ధ మరణాలేనని తేల్చింది. ఒకే లూపు, రెండు మాటలు. ఇది విడ్డూరం కాదు. క్రిమినల్ కోర్టుకు సందేహం మిగలకూడదు. 2020 నుంచి బ్రిటన్‌లో కరోనర్ విచారణకు ‘ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ వీలుంది’ అనేది చాలు. సివిల్ దావా కొలతా అదే. క్రిమినల్ కేసు వీగిపోయింది కాబట్టి పరిహారమూ వీగిపోతుందని అనుకుని చేతులు ముడుచుకున్న కుటుంబం తన హక్కును తానే పారేసుకుంటుంది.

మరి దర్యాప్తు నివేదికే చేతిలో ఉంటే దావాకి ఇక ఏం కావాలి? ఈ నమ్మకం చాలామందిని ముంచింది. అంతర్జాతీయ నియమాల ప్రకారం విమాన దర్యాప్తు ఉద్దేశం మళ్లీ ప్రమాదం జరక్కుండా చూడటమే, తప్పెవరిదో తేల్చడం కాదు. అమెరికా చట్టం ఇంకో అడుగు ముందుకేసి, కారణం గురించి ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన తుది నిర్ణయాన్ని పరిహారం దావాలో సాక్ష్యంగా వాడనివ్వదు. దర్యాప్తు అధికారులు సేకరించిన వాస్తవాల పత్రాలు వాడుకోవచ్చు. కారణం మాత్రం వాది సొంత నిపుణుడితో మళ్లీ రుజువు చేసుకోవాలి. బ్రిటన్ ఇందుకు ఎదురుదారిలో ఉంది, ఆ దారి తెరిచింది కూడా ఓ పాతకాలపు విమానమే. 2011లో కూలిన టైగర్ మాత్‌లో ప్రయాణికుడు చనిపోయి పైలట్ బతికిన సంఘటన మీద వచ్చిన ‘రోజర్స్ వర్సెస్ హోయిల్’ కేసులో, దర్యాప్తు నివేదికను సివిల్ దావాలో సాక్ష్యంగా చదవొచ్చని 2014లో అప్పీలు కోర్టు చెప్పింది. అలా అయితే ఇకపై పైలట్లు దర్యాప్తువాళ్ల ముందు నోరు విప్పరని ప్రభుత్వమూ విమాన సంస్థల సంఘమూ వాదించినా కోర్టు ఒప్పుకోలేదు. 2016లో షోరమ్ వ్యవహారంలో హైకోర్టు మాత్రం పైలట్ దర్యాప్తువాళ్లకిచ్చిన వాంగ్మూలాన్ని పోలీసులకి ఇవ్వనివ్వలేదు, కాక్‌పిట్‌లో తీసిన వీడియోను ఇవ్వనిచ్చింది. ఈ గీత నాకు సబబుగానే తోస్తుంది. కెమెరా భయపడి మాట మార్చదు, మనిషి మారుస్తాడు. అమెరికాలో ఇంకో ఇబ్బంది ఉంది. దర్యాప్తులో తయారీదారు, నడిపిన సంస్థ భాగస్వాములుగా కూర్చోవచ్చు; బాధితుల తరఫువాళ్లకి, వకీళ్లకి ఆ గదిలో చోటు లేదు. రేపు ప్రతివాది కాబోయేవాడు శిథిలాలను ముందే చూసేస్తాడన్నమాట.

ఇక గడియారం. 2022 నవంబరు 12న టెక్సస్‌లోని డల్లస్‌లో ప్రదర్శన జరుగుతుండగా ‘టెక్సస్ రెయిడర్స్’ అనే బీ-17ను పీ-63 కింగ్‌కోబ్రా ఢీకొట్టి ఆరుగురు చనిపోయారు. విమానాలు ఒకదానికొకటి ఎంత ఎడంగా, ఏ ఎత్తులో ఉండాలో ముందుగా పథకం వేసుకోకుండా, అప్పటికప్పుడు రేడియోలో చెప్పే ఆదేశాల మీదా పైలట్ల కళ్ల మీదా వదిలేయడమే కారణమని ఎన్‌టీఎస్‌బీ తుది నివేదిక తేల్చింది. నా వాదనకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. ఆ ఆరుగురూ పాత విమానాల మీద ప్రేమతో, వాటి ప్రమాదం ఎరిగి ఎక్కినవాళ్లే. కానీ పథకం లేని ఆకాశంలో ఎగరడానికి వాళ్లు ఒప్పుకున్నారని ఎవరనగలరు? ఆ నివేదిక వచ్చింది 2024 డిసెంబరులో. టెక్సస్‌లో ఇలాంటి దావాకి గడువు రెండేళ్లు, అంటే నవంబరుతో సరి. నివేదిక చూసి తేల్చుకుందామని ఆగిన కుటుంబానికి అది కొన్ని వారాల ఆలస్యంగా చేరింది. కనెక్టికట్‌లోనూ మరణం దావాకి రెండేళ్లే. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందంలోనూ రెండేళ్లే. ఇంగ్లండులో మామూలుగా మూడేళ్లు. అందుకే దావా వేయాలా వద్దా అన్నది ఒక నిర్ణయం కాదు, రెండు. హక్కు కాలిపోకుండా కాపాడుకోవడం మొదటిది. ఆ హక్కు వాడాలా అన్నది రెండోది. మొదటిదానికి కోపం అక్కర్లేదు, రెండోది కోపంలో తీసుకోకూడదు.

గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడు అని మనవాళ్లు ఊరకే అనలేదు. ఖర్చు లెక్క వేయకుండా ఈ నిర్ణయం లేదు. అమెరికాలో వకీలు గెలిస్తేనే ఫీజు తీసుకుంటాడు గానీ అది మూడోవంతు దాకా ఉంటుంది, నిపుణుల ఖర్చు వేరే. ఇంగ్లండులో 2013 నుంచి గాయం, మరణం దావాల్లో ఓడినా మామూలుగా అవతలివాళ్ల ఖర్చు నెత్తిన పడదు. బ్రిటన్‌లో, ఐరోపాలో ప్రయాణికులకూ నేలమీది జనానికీ విమాన యజమాని కనీస బీమా తప్పనిసరి. అమెరికా ఫెడరల్ చట్టంలో సొంత విమానానికి అలాంటి నియమం లేదు. ఒకే ఒక విమానం తప్ప ఇంకేమీ లేని చిన్న కంపెనీ మీద కోట్ల తీర్పు తెచ్చుకున్నా ఆ విమానం ఇప్పటికే బూడిద. పరిహారం ఎవరికన్నది కూడా చోటుని బట్టి మారుతుంది, విదేశాల్లో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ఇది తెలుసుకుని ఉండటం మేలు. టెక్సస్‌లో భార్యాభర్తలకీ పిల్లలకీ తల్లిదండ్రులకీ హక్కు ఉంది, తోడబుట్టినవాళ్లకి లేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో దుఃఖానికిచ్చే నిర్ణీత మొత్తం 2020 మే నుంచి జరిగిన మరణాలకు 15,120 పౌండ్లు. పెళ్లికాని ముప్పై ఏళ్ల కొడుకు పోతే ఆ మొత్తం తల్లిదండ్రులకు రాదు. వాళ్లు అడగగలిగింది కొడుకు పోషణ ఆగిపోయినందుకు నష్టపరిహారం. అప్పుడు నెలనెలా గుంటూరుకో కరీంనగర్‌కో పంపిన డబ్బు తాలూకు బ్యాంకు కాగితాలే సాక్ష్యం. ప్రేమకి రశీదు ఉండదు, దావాకి కావాలి.

ఇన్ని దావాలు పడితే ఈ విమానాలు మ్యూజియం గోడలకే పరిమితమవుతాయన్నది గట్టి అభ్యంతరం, దాన్ని తోసిపుచ్చకూడదు. ఎగిరే స్పిట్‌ఫైర్ చూడటం వేరు, గొలుసు కట్టిన స్పిట్‌ఫైర్ చూడటం వేరు. నిజాం విరాళంతో హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ వైమానిక దళపు 152వ స్క్వాడ్రన్ 1940లో స్పిట్‌ఫైర్‌ల మీదే పోరాడింది. ఆ ఇంజన్ చప్పుడులో మన ఊరి డబ్బు కూడా కాస్త ఉంది. కానీ పైన చెప్పిన ప్రమాదాల తర్వాత ఎవరు ఎగరడం ఆపించారో చూడండి. నైన్-ఓ-నైన్ సంస్థ అనుమతిని 2020 మార్చిలో రద్దుచేసింది ఎఫ్ఏఏ. జూ-ఎయిర్ చారిత్రక విమానాల్లో వ్యాపార ప్రయాణాలను ఆపింది స్విస్ పౌర విమానయాన విభాగం. ఆపింది కోర్టులు కాదు, ప్రమాదాలూ వాటిని ముందుగా చూడని వ్యవస్థలూ. ప్రీమియం పెంచే బీమా సంస్థ మరమ్మతుల పుస్తకాలు అడుగుతుంది, నడిపేవాడూ బాగుచేసేవాడూ ఒకరే కావడాన్ని ప్రశ్నిస్తుంది. ఆ ఒత్తిడి దావాల భయం లేకుండా రాదు. దానికి తట్టుకోలేని సంస్థలు కొన్ని మూతపడతాయి. పడనీ అని సులువుగా అనలేను, కానీ టిక్కెట్టు అమ్మి జనాన్ని ఎక్కించుకునే సంస్థకు ఆ ఒత్తిడి నుంచి వెసులుబాటు ఇవ్వలేం.

ఇంకో అభ్యంతరం మనసుకు దగ్గరది. ఇవి నడిపేవాళ్లు చాలామంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు; పైలట్ కూడా చనిపోయి ఉంటే అతని భార్యను కోర్టుకీడ్చాలా? పేరు అతని ఆస్తిదే అయినా, బీమా ఉన్నచోట చెల్లించేది సాధారణంగా బీమా సంస్థే. బీమా లేనిచోట, స్నేహంగా పక్కన కూర్చోబెట్టుకున్న సొంత విమానం విషయంలో, వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అక్కడ మిగిలేది ఓ ఇల్లు, ఓ విధవరాలు. ‘డబ్బు కోసం కాదు, నిజం కోసం’ అని దావా వేస్తామనేవాళ్లకి మాత్రం ఒక హెచ్చరిక చెప్పాలి. అమెరికా దావాల్లో ప్రమాణం చేయించి అడిగే ప్రశ్నలు నివేదికకి అందని సంగతులు లాగుతాయి, నిజమే. కానీ చాలా దావాలు రాజీతో ముగుస్తాయి, రాజీల్లో చాలావాటికి గోప్యత షరతు ఉంటుంది. తెలుసుకున్న నిజం మీ ఇంట్లోనే ఉండిపోతుంది. బహిరంగంగా నిజం కావాలంటే కరోనర్ విచారణ, దర్యాప్తు నివేదిక ఈ పనికి మెరుగైన చోట్లు.

కుటుంబం మొదటి వారాల్లో చేయగలిగింది ఒకటే, అది దావా కాదు. నడిపిన సంస్థకీ బీమా సంస్థకీ మరమ్మతుల షాపుకీ ఒక ఉత్తరం వెళ్లాలి: మాగ్నెటోలు, కార్బురేటర్లు, స్పార్క్ ప్లగ్గులు, మరమ్మతుల పుస్తకాలు, ప్రదర్శనకు ముందు జరిగిన సమావేశం కాగితాలు, రేడియో రికార్డింగులు, హెల్మెట్ కెమెరాలు, ఆ ఉదయం ఫోన్లలో నడిచిన సందేశాలు, వీటిలో ఏదీ పారేయకూడదు, అమ్మకూడదు, బాగుచేయకూడదు. ఎక్కినవాడు సంతకం పెట్టిన కాగితం నకలు కూడా అడగాలి, అందులో ఏం రాసి ఉందోనన్న దిగులుతో కాదు, ఏం రాయలేదో చూడటానికి. తన పని ముగిశాక ఎన్‌టీఎస్‌బీ శిథిలాలను యజమానికో అతని బీమా సంస్థకో తిరిగి అప్పగిస్తుంది. ఆ ఉత్తరం అంతకుముందే చేరి ఉండాలి.